దిబ్బ మీద ఇల్లు

రేపల్లెలో మా అత్తగారి వైపు వాళ్ళ సమాధుల తోటలో ఒక పద్ధతి ఉంది. దిబ్బ కనిపిస్తున్నంత కాలం అది ఫలానా వాళ్ళ సమాధి. దిబ్బ కరిగి నేలతో సమమైతే అది ఖాళీ జాగా. ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదు. చనిపోయేవాళ్ళు ఆగరు, తోట పెరగదు. దానంతట అదే వచ్చింది. అందుకే ఈస్టరుకి ముందు వారంలో ఆ దారిన వెళితే మట్టి తట్టలు ఎత్తుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. తమ వాళ్ళ మీద కాస్త కొత్త మట్టి పోసి, నీళ్ళు చల్లి, అరచేత్తో మెత్తి, చుట్టూ సున్నం గీత గీసి వెళ్తారు. ఇక ఏడాదిపాటు ఆ మనిషికి చోటు ఉన్నట్టే.

నా భార్య ప్రమీల అక్కడ వెనక వరసలో, ప్రహరీ గోడ పక్కన ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ బాపట్లలోనే బతికింది. నేను అక్కడి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. అయినా పోయే ముందు, "నన్ను మా అమ్మ పక్కన పెట్టండి. బాపట్లలో నాకెవరు తెలుసు?" అంది. మా వీధిలో పాలవాడి మనవరాలికి జ్వరం వస్తే ముందు తనకే తెలిసేది. అడిగినట్టే పెట్టాం. మా అత్తగారిది సిమెంటు సమాధి. ఆ తర్వాత సంఘం వాళ్ళు సిమెంటు కట్టడాలు ఆపేశారు. ప్రమీలది మట్టి దిబ్బ, చెక్క సిలువ. మాకు పిల్లలు లేరు. ఏటా నేనే వెళ్ళి మట్టి పోసి వచ్చేవాణ్ణి.

పోయిన ఏడాది తుఫానుకి తోట పక్కనున్న మురుగు కాలువ గట్టు తెగింది. నేను వెళ్ళేసరికి నీళ్ళు తీశాయి కానీ వెనక వరస మొత్తం దమ్ము చేసిన పొలంలా ఉంది. దిబ్బ అన్నది ఒక్కటి లేదు. కొట్టుకుపోయిన చెక్క సిలువలన్నిటినీ, గోతులు తవ్వే బాలస్వామి ఏరి తెచ్చి, బురద కడిగి, గోడకి వరసగా చేరేశాడు.

"ఏది ఎవరిదో నాకు తెలవదండి. కాళ్ళ కింద పడి ఉండకూడదని తెచ్చాను," అన్నాడు.

ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ వారమంతా నాకు దొరికిన మంచి అదొక్కటే.

ప్రమీల సిలువ వాటిలో ఉందో లేదో తేలలేదు. రంగు పోయిన చెక్కలన్నీ ఒకలాగే ఉన్నాయి. అత్తగారి సిమెంటు సమాధి నిలబడి ఉంది కాబట్టి, దాని పక్కన కాస్త మెరకగా ఉన్న చోటు ప్రమీలదని నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసు. నేను పోయిన మర్నాటి నుంచి అది జాగా.

సంఘ పెద్ద శాలేమురాజు దగ్గరికి వెళ్ళాను. ప్రమీలకి వరసకి తమ్ముడవుతాడు.

"మట్టి పోసుకోండి బావగారూ, ఎవరొద్దన్నారు?" అన్నాడు.

"పోస్తాను. మళ్ళీ తుఫానొస్తే?"

"మళ్ళీ పోసుకోండి."

"నేను లేకపోతే?"

అతను రోడ్డు వైపు చూశాడు. "అందరికీ అదేనండి."

"చిన్న సిమెంటు గట్టు..."

"మా అన్న పోతే నేనే కట్టుకోలేదండి. సిమెంటు, ఇటుక, రాయి, మూడూ వద్దని అందరం అనుకున్నాం. ఒకళ్ళకి ఒప్పుకుంటే రేపందరూ కడతారు. కట్టిందాన్ని పడగొట్టలేం కదా. చివరికి నన్నెక్కడ పెడతారు, కాలవలోనా?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. టీ ఇప్పించాడు. తాగి వచ్చేశాను.

బస్సులో తిరిగి వస్తుంటే క్లాసులో ఏటా చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఈజిప్టు అనగానే పిల్లలు పిరమిడ్లంటారు. రాజులకి పిరమిడ్లు, పెద్ద ఉద్యోగులకి రాతి గదులు. మరి మామూలు వాళ్ళకి? ఇసుకలో గొయ్యి. ఆ గోతి మీద కొన్ని ఊళ్ళలో కాల్చిన మట్టితో చేసిన ఇల్లు ఒకటి పెట్టేవాళ్ళు. పెద్ద పళ్ళెమంత ఉంటుంది. ముందు వాకిలి, వెనక స్తంభాల వసారా, చిన్న గది, డాబా మీదకి మెట్లు. వాకిట్లో మట్టితోనే చేసిన రొట్టెలు, ఎద్దు తల, ఉల్లికట్టలు. పోసిన నీళ్ళు బయటికి పారడానికి ఒక సన్నటి కాలువ. వాటిని తవ్వి తీసినవాళ్ళు ఆత్మల ఇళ్ళని పేరు పెట్టారు. దాదాపు నాలుగు వేల ఏళ్ళ తర్వాత ఇళ్ళు దొరికాయి. వాటి కింద పడుకున్నవాళ్ళ పేర్లు మాత్రం దొరకలేదు.

ఒకసారి ఆ బొమ్మ ప్రమీలకి చూపించాను. చాలాసేపు చూసి, "తిండేమో మట్టిది పెట్టి, నీళ్ళు మాత్రం నిజంవి పోస్తారా? పీనాసి మొహాలు," అంది.

కాల్చిన మట్టి సిమెంటు కాదు. ఇటుక అని కూడా అనలేరు. పైగా అది కట్టేది కాదు, పెట్టేది.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళలో ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఫైబరులో చేస్తామన్నారు, కంచులో పోస్తామన్నారు, నిలువెత్తు విగ్రహమే పెట్టించుకోమన్నారు. మట్టి అనేసరికి నందివెలుగు రోడ్డులో కుండలు చేసే పున్నారావు దగ్గరికి పంపించారు. అతను సారె ముందు కూర్చుని ఉన్నాడు. అతని భార్య కోటేశ్వరమ్మ ఆరబెట్టిన కుండల అడుగులు చెక్కతో తట్టి సరిచేస్తోంది. ఫోనులో బొమ్మ చూపించాను.

"ఏంటి మాస్టారూ, బొమ్మల కొలువుకా?" అన్నాడు పున్నారావు.

"కాదు. మా ఆవిడ సమాధి మీదికి."

కోటేశ్వరమ్మ చేతిలో చెక్క ఆగింది. "ఎన్నాళ్ళయిందండీ ఆవిడ పోయి?"

"పదేళ్ళు దాటిందమ్మా."

"పదేళ్ళ తర్వాత ఇల్లు కడుతున్నారా? నేను బతికే ఉన్నాను, మా ఆయన ఇంకా రేకుల షెడ్డులోనే ఉంచాడు."

"నువ్వు కూడా పో, కడతా," అన్నాడు పున్నారావు తల ఎత్తకుండా.

నవ్వాను. ఎందుకో ఆ మాటలు విన్నాక అక్కడే చేయించాలనిపించింది.

బొమ్మలో వాకిటి పక్కన ఉన్న చిన్న చిన్న కుండల గురించి అడిగాడు. ఈజిప్టు వాళ్ళు సమాధుల కోసం చేసిన కుండల్లో కొన్ని లోపల ఖాళీ లేకుండా ముద్దలాగే ఉండేవని, పైన మూతి దగ్గర మాత్రం కాస్త గుంట పెట్టేవాళ్ళని చెప్పాను.

"నోరుండి కడుపు లేకపోతే అది కుండెట్టా అవుద్దండీ?"

"చనిపోయినవాళ్ళకే కదా, చాలనుకున్నారు."

"తిరిగొచ్చి అడగరనా? నేను చెయ్యనండి. వేలెడంత కుండైనా సరే, కడుపు పెట్టే ఇస్తా."

"నీ ఇష్టం."

"మరి తిండేం పెట్టమంటారు? ఆవిడ రొట్టెలు తినేదా?"

"షుగరొచ్చాక తినేది. తిట్టుకుంటూ."

"ఎద్దు తల?"

"వద్దులే."

"మరేం ఇష్టమండీ ఆవిడకి?" అంది కోటేశ్వరమ్మ.

చెప్పాను. బొమ్మిడాయిల పులుసు, ముంజలు, గోంగూర. బొమ్మిడాయి అనగానే ఇద్దరికీ వాదన మొదలైంది. తల ఎలా ఉంటుంది, మీసాలు ఉంటాయా లేవా అని. చివరికి కోటేశ్వరమ్మే తేల్చింది. "ఒకటి కాదు, రెండు పెట్టు. ఎవరన్నా ఇంటికొస్తే ఆవిడేం పెడుద్ది?"

మొదటిది కుండలు కాల్చే ఆవంలో పగిలిపోయింది. వానల్లో మట్టి లోపల సరిగ్గా ఆరలేదని, తొందరపడి కాల్చేశానని పున్నారావు ఫోను చేసి చెప్పాడు. రెండోది ఎండలు వచ్చాక చేశాడు. నేను వెళ్ళినరోజు ఆవం పక్కన గడ్డి పరిచి, దాని మీద పెట్టి ఉంచారు. మూరన్నర పొడవు, మూరెడు వెడల్పు. ఎర్రగా, శుభ్రంగా ఉంది. వాకిట్లో రెండు చేపలు, మూడు కళ్ళ ముంజ, గోంగూర కట్ట. వేలెడంత కుండలు, కడుపులతో సహా. గదికి పైకప్పు తీసి పెట్టేలా చేశాడు. అలా అయితేనే లోపల కాలుతుందట.

అందించమన్నట్టు చేతులు చాచాను. పున్నారావు కదల్లేదు.

"చావు సామాను మేం చేతికివ్వమండి. కింద పెడతాం. మీరే ఎత్తుకోవాలి. మీకు మంచిది కాదని."

వంగి ఎత్తుకున్నాను. నా నడుము సంగతి తెలిసినట్టు కోటేశ్వరమ్మ వెనక నిలబడి, తాకకుండా రెండు చేతులూ చాపి ఉంచింది.

తెనాలిలో రేపల్లె రైలెక్కి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వేమూరులో ఎక్కినాయన దాన్ని చాలాసేపు చూసి, "చేపల తొట్టెలోకాండీ?" అన్నాడు. అవునన్నాను. మంచి మనిషి, ఇంకేమీ అడగలేదు. భట్టిప్రోలు దాకా నిద్రపోయాడు.

రేపల్లె స్టేషను బయట ఫ్రాన్సిస్ అనే కుర్రాడి ఆటో ఎక్కాను. ముప్ఫై ఉండవు. తోట దాకా రోడ్డంతా గుంటలే. ప్రతి గుంటకీ ఆటో ఆపి, దిగి చూసి, పక్కనుంచి పోనిచ్చాడు. వెనక లారీ వాడు హారన్ మోగిస్తే, "ఇల్లు తీసుకెళ్తున్నానయ్యా, ఆగు!" అని అరిచాడు.

శాలేమురాజు అప్పటికే తోటలో ఉన్నాడు. చుట్టూ తిరిగి చూశాడు. "ఇది కట్టడం కాదా బావగారూ?"

"పెట్టడం. పునాది లేదు, సిమెంటు లేదు. ఎప్పుడంటే అప్పుడు ఎత్తేయొచ్చు."

అతను వంగి ఒక మూల పట్టుకుని కాస్త లేపి చూశాడు. లేచింది. "ఎత్తేయొచ్చు అన్నారు కాబట్టి ఉంచుతున్నాను. ఎవరన్నా అడిగితే ఈ మాటే చెప్తా," అన్నాడు.

బాలస్వామి, ఫ్రాన్సిస్ కొత్త మట్టి పోసి, మెత్తి, ఇంటిని పైన కూర్చోబెట్టారు.

ఆ ఈస్టరు నాడు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో వచ్చారు. ప్రమీల దిబ్బ దగ్గర చిన్న గుంపు చేరింది. బొమ్మల పూజలాగా ఉందని ఎవరో సణిగారు. పాస్టరు అయ్యగారు వంగి చూసి, "దీనికెవరూ మొక్కట్లేదుగా," అని ముందుకి వెళ్ళిపోయారు. ఫ్రాన్సిస్ తన భార్య మనీషాని తీసుకొచ్చాడు. కడుపుతో ఉంది. ఆయాసపడుతూ మోకాళ్ళ మీద కూర్చుని చేపల్ని వేలితో తాకింది.

"సార్, ఆంటీ గారింట్లో పిల్లి లేదు కదా?"

"లేదమ్మా."

"అయితే ఉంటాయిలెండి," అని నవ్వింది. తర్వాత తన సీసాలో నీళ్ళు కొంచెం వాకిట్లో పోసింది. నీళ్ళు కాలువలోంచి పారి, గడప దాటి, దిబ్బలో ఇంకిపోయాయి. "బాగుంది సార్. మాకే లేదు ఇంత మంచి డ్రైనేజీ."

బాపట్ల తిరిగి వచ్చి చాలా రోజుల తర్వాత నిద్ర బాగా పట్టింది. నేను పోయినా, ఆ ఎర్ర ఇల్లు ఉన్న చోట ఎవరో ఒకావిడ ఉందని వచ్చేవాళ్ళకి తెలుస్తుంది. పేరు తెలియకపోయినా ఫరవాలేదు.

ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే శాలేమురాజు ఫోను చేశాడు.

"ఆటో ఫ్రాన్సిస్ లేడూ, వాడి భార్య పోయిందండి. కాన్పయిన నాలుగో రోజు జ్వరం. గుంటూరు తీసుకెళ్తుండగా దారిలోనే. పాప బాగుంది. మధ్యాహ్నం భూస్థాపన. మీకు తెలిసిన కుర్రాడు కదాని చెప్పాను."

నేను బస్సెక్కాను. పిట్టలవానిపాలెం దాటాక కురిసిన వానకి కిటికీలోంచి పొలమేదో కాలవేదో తెలియలేదు.

తోట గేటు దగ్గర రేకుల పందిరి కింద, రెండు బెంచీల మీద పెట్టె ఉంది. దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. లోపల బాలస్వామి, ఇంకొకతను బకెట్లతో గోతిలోంచి నీళ్ళు తోడుతున్నారు. అది మూడో గొయ్యి. మొదటి రెండూ అప్పటికే నిండి, పైన ఆకులు తేలుతున్నాయి.

"మోకాలి లోతు దిగేసరికే ఊరుతోంది బావగారూ," అన్నాడు శాలేమురాజు. గొడుగు ఉన్నా తడిసిపోయాడు. "పెట్టె దింపితే తేలుద్ది. రాళ్ళు కట్టి దింపాలా ఏంటి ఆ పిల్లని?"

"వేరే తోట?"

"అడిగాం. వాళ్ళ సంఘం మనిషి కాదన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. అక్కడా నీళ్ళే."

ఫ్రాన్సిస్ తల్లి పందిరి కిందనుంచి కేకలు పెడుతోంది. "బావిలో వేస్తారా నా కోడల్ని? ఒరే బాలస్వామీ, నీ కూతురైతే వేస్తావంట్రా?"

బాలస్వామి బకెట్ నింపుతూనే ఉన్నాడు, పోస్తూనే ఉన్నాడు.

అప్పుడు గమనించాను. అక్కడున్న మగవాళ్ళలో ఎవరూ వెనక గోడ వైపు చూడటం లేదు. తోటంతా చూస్తున్నారు, కాలువ వైపు చూస్తున్నారు, ఆకాశం వైపు చూస్తున్నారు. మా అత్తగారి సిమెంటు సమాధి, దాని పక్కన ఎర్రటి ఇల్లు మాత్రం ఎవరికీ కనబడనట్టే ఉన్నారు. మెరక కావడంతో మొత్తం తోటలో నీళ్ళు నిలవని చోటు అదొక్కటే. నేను వచ్చే ముందు ఎంతసేపు వాళ్ళు దాన్ని చూశారో, నన్ను చూడగానే ఎప్పుడు తల తిప్పుకున్నారో నాకు తెలియదు. ఆ చోటిమ్మని శాలేమురాజు ఫోనులో అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

గోడ దగ్గరికి వెళ్ళి ఇంటి పక్కన నిలబడ్డాను. వాన నీళ్ళు వాకిట్లో పడి, చేపల మీదుగా కాలువలోకి పారుతున్నాయి. ఇంకో గొయ్యి ప్రయత్నించనీ అనుకున్నాను. వాన తగ్గవచ్చు. రేపటిదాకా ఆగవచ్చు. ఐసు పెట్టె తెప్పించవచ్చు. ఇలా ఒక్కొక్కటే లోపల లెక్క వేసుకుంటూ, ఆ పిల్లని ఒక రోజు అలా ఉంచడమంటే ఏంటో ఆలోచించకుండా నిలబడ్డాను. ప్రమీల చోటు కోసం ఎన్ని నెలలు తిరిగానో అదీ ఆ లెక్కలోకి వచ్చింది.

మూడో గోతిలో గట్టు జారి బాలస్వామి నడుము దాకా బురదలో పడ్డాడు. నలుగురూ వెళ్ళి లాగారు. అప్పుడు ఫ్రాన్సిస్ పందిరి కిందనుంచి వచ్చాడు. పెళ్ళినాటి చొక్కాలా ఉంది, తెల్లది. ఎవరికీ ఏమీ చెప్పకుండా గోతిలోకి దిగి, బాలస్వామి వదిలేసిన బకెట్ తీసుకుని నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. తోడినంత ఊరుతోంది. అతను ఆపలేదు. ఆటోని గుంట పక్కనుంచి పోనిచ్చిన శ్రద్ధే. వెలితి లేకుండా నింపడం, అంచు దాటించి దూరంగా పోయడం, మళ్ళీ వంగడం.

"బాలస్వామీ," అని పిలిచాను. "ఇక్కడ తవ్వు."

అందరూ ఆగిపోయారు. శాలేమురాజు నా దగ్గరికి వచ్చి గొడుగు నా మీదికి వంచాడు.

"బావగారూ, తొందరపడి మాటివ్వకండి. తర్వాత మమ్మల్ననుకోకూడదు. దిబ్బ ఒకటే ఉంటుంది. దాని మీద ఆ పిల్ల పేరే ఉంటుంది. మా అక్కది ఉండదు."

"తెలుసు."

"మళ్ళీ ఇదిగో ఇక్కడని చెప్పుకోడానికేమీ ఉండదండి."

"తెలుసయ్యా. తవ్వమను."

ఇంటిని నేనే ఎత్తాను. బురద పట్టుకుని ఒక్క క్షణం రాలేదు, తర్వాత వచ్చింది. అత్తగారి సమాధి మీద పెట్టాను.

బాలస్వామి పైమట్టి పారతో తీశాడు. కింద నేల తడిగా ఉంది కానీ నీళ్ళు లేవు. ఛాతీ లోతు వెళ్ళాక పార పక్కన పెట్టేశాడు. చేతులతో తీయడం మొదలుపెట్టాడు. చూడొద్దని శాలేమురాజు నా భుజం పట్టుకున్నాడు. నేను చూశాను.

పెట్టె చెక్క ఎప్పుడో మట్టయిపోయింది. పాత ఎముకలు కనబడితే కాళ్ళ వైపు ఒక మూలకి తోసి, కొత్త పెట్టె దింపడం ఆ తోటలో అలవాటు. బాలస్వామి తోయలేదు. గట్టు మీదున్న సంచిలోంచి తన పొడి తువ్వాలు అడిగి తీసుకున్నాడు. గోతిలో పరిచాడు. ఒక్కొక్కటే తీసి తుడుస్తూ, మామూలుగా మాట్లాడే గొంతుతో అన్నాడు:

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. కాస్త కాళ్ళ వైపుకి జరగండి. చిన్నపిల్ల వస్తోంది."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియదు.

తువ్వాల్లో పెట్టినవాటిలో ఆమె కళ్ళజోడు ఫ్రేమ్ కూడా ఉంది. ఒక వైపు అద్దం అలాగే ఉంది. ఎవరు పెట్టారో పెట్టెలో, నాకు తెలియదు. కళ్ళజోడు లేకుండా ఆమె గుమ్మం కూడా దాటేది కాదు.

"తర్వాత ఆ ఇల్లు మళ్ళీ పైన పెట్టేద్దాంలెండి," అన్నాడు శాలేమురాజు మెల్లగా. "మీది మీకుంటుంది."

ఆ మాట ఫ్రాన్సిస్ తల్లి చెవిన పడింది. పందిరి కిందనుంచి వానలోకి వచ్చేసింది. "ఇంకొకావిడ ఇల్లు నా కోడలి మీదెందుకయ్యా? చచ్చి కూడా పరాయింటి కింద ఉండాలా? ఆ చేపలూ అవీ... మాకొద్దు. మా పిల్ల మీద మా మట్టే ఉండాలి."

"అమ్మా, ఊరుకో," అన్నాడు ఫ్రాన్సిస్. "సార్ చోటిచ్చారే."

"ఇచ్చారు, కాదన్నానా? ఆయన కాళ్ళు మొక్కుతాను. కానీ వద్దు."

ఆమె అన్నది నాకు కోపం తెప్పించలేదు. ప్రమీలైనా అదే అనేది.

"పైన వద్దమ్మా," అన్నాను. "కింద పెడతాను. కాళ్ళ వైపు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. బాలస్వామికి అయింది. చేతులు పైకి చాపాడు. ఇంటిని అందించాను. కాళ్ళ వైపు గోడలోకి కాస్త తొలిచి, గూడులాంటిది చేసి అందులో కూర్చోబెట్టాడు. గది పైకప్పు తీశాడు. తువ్వాల్లోని ఎముకల్లో చిన్నవి గదిలో పెట్టాడు. పొడుగువి వాకిట్లో, చేపల పక్కన సర్దాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టమంటారని నన్ను చూశాడు.

"గదిలోనే."

పైకప్పు మూశాడు. ఆ ఇంటిని నేను చేయించింది, ఆమె ఎక్కడుందో నలుగురికీ తెలియాలని. ఇప్పుడు ఆమె అందులో ఉంది. ఇక ఎవరికీ తెలియదు. ఈజిప్టు వాళ్ళు చేసిన ఇళ్ళ కింద కూడా ఎంతమంది ఉన్నారో, ఎంతమంది పేర్లు మొదటి గాలికే పోయాయో. పాఠం చెప్పినన్నాళ్ళు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకి వెళ్ళిపోయేవాణ్ణి.

పెట్టె తెచ్చారు. తాళ్ళు వేసి దింపారు. తేలలేదు. నేల మీద ఆనినప్పుడు వచ్చే చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకి ఫ్రాన్సిస్ తల్లి ఒక్కసారి కూర్చుండిపోయింది, ఇంకెవరో పట్టుకున్నారు.

అయ్యగారు వానలో తొందరగానే ముగించారు. చివర్లో ఫ్రాన్సిస్ ఆయన చెవిలో ఏదో అడిగాడు. ఆయన నా వైపు తిరిగి, "మీ ఆవిడ పేరు ప్రమీల కదండీ?" అన్నారు. అవునన్నాను. ప్రార్థనలో మనీషా పేరు తర్వాత ఆ పేరు కూడా పలికారు. పదేళ్ళకి పైగా ఆ తోటలో ఆ పేరు ఎవరూ పైకి చదవలేదు. మళ్ళీ చదవరు కూడా.

ఇక పిడికెడు మట్టి వేయాలి. ముందు దగ్గరి వాళ్ళు. ఫ్రాన్సిస్ గోతి అంచున నిలబడి, తడిమట్టి గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, పెట్టె మీద కాకుండా కాళ్ళ వైపు, గూట్లో ఇల్లున్న చోట వేశాడు.

"అటు కాదురా," అంది తల్లి ఏడుస్తూ. "ఇటు."

"తెలుసమ్మా," అన్నాడు. వంగి రెండో గుప్పెడు తీసుకున్నాడు.